ఇంట్లో పిల్లి, భాగస్వామికి ఆస్తమా: ముందు తేల్చుకోవాల్సింది ఏమిటి?

పిల్లిని ప్రాణంలా చూసుకునే మనిషికీ, పిల్లి గదిలోకి వస్తే చాలు ఊపిరి బిగుసుకుపోయే మనిషికీ జత కుదిరినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే సలహాలు రెండే. "మనిషి కన్నా పిల్లి ఎక్కువా? ఎవరికైనా ఇచ్చేయండి" అనేది ఒకటి. "కొన్నాళ్లు ఓర్చుకుంటే ఒంటికి అదే అలవాటవుతుంది" అనేది రెండోది. రెండూ తొందరపాటు సలహాలే. మొదటిది అవసరం లేని చోట కూడా ఇద్దరినీ ఏడిపిస్తుంది. రెండోది కొన్ని ఇళ్లలో ఆసుపత్రి దాకా తీసుకెళ్తుంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. అలర్జీ ముక్కు, కళ్ల దగ్గర ఆగిపోతుంటే సర్దుబాట్లకు చోటుంది. అది ఊపిరితిత్తుల దాకా వెళ్తుంటే సర్దుబాటు మాట తర్వాత, ముందు ఆస్తమా అదుపులోకి రావాలి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే ఇళ్లలో ఇంత గొడవ, ఇంత టెన్షన్.

పడనిది బొచ్చు కాదు

"నాకు పిల్లి బొచ్చు పడదు" అంటుంటారు. నిజానికి పడనిది బొచ్చు కాదు, దానికి అంటుకుని ఉండే ప్రొటీన్. దాని పేరు ఫెల్ డి 1. పిల్లులకు సంబంధించిన అలర్జీ ప్రొటీన్లు ఇంకొన్ని ఉన్నా, పిల్లి పడనివాళ్లలో నూటికి తొంభై మందికి పైగా స్పందించేది దీనికే. పిల్లి చర్మంలోని నూనె గ్రంథుల్లో, లాలాజల గ్రంథుల్లో, మలద్వారం దగ్గరి గ్రంథుల్లో ఇది తయారవుతుంది.

పిల్లి ఒళ్లు శుభ్రం చేసుకోవడం ఒకసారి దగ్గరగా గమనించండి. ముందు కాలు నాకి తడి చేసుకుంటుంది. ఆ తడి కాలితో మొహం, చెవుల వెనక రుద్దుకుంటుంది. తర్వాత భుజం, పక్కటెముకలు, పొట్ట, చివరికి తోక. దాని నాలుక మీద వెనక్కి వంగిన గరుకు ముళ్లు ఉంటాయి. అవి ఉమ్మిని పైపైన పూయకుండా వెంట్రుకల కుదుళ్ల దాకా తీసుకెళ్తాయి. ఆ ఉమ్మి ఆరిపోయాక చర్మపు పొట్టుతో కలిసి కంటికి కనబడని పొడిలా రాలుతుంది. పిల్లి ఒళ్లు విదిల్చినా, సోఫా మీదకు దూకినా అది గాల్లోకి లేస్తుంది.

ఇక్కడ అసలు చిక్కు ఆ రేణువుల సైజుతో వస్తుంది. పరుపుల్లో, దిండ్లలో ఉండే డస్ట్ మైట్ల (కంటికి కనబడని సన్నటి పురుగుల) అలర్జీ రేణువులు కాస్త పెద్దవి. పక్క దులిపినప్పుడు లేస్తాయి, కాసేపటికి కిందకు దిగిపోతాయి. పిల్లి నుంచి వచ్చే రేణువుల్లో చెప్పుకోదగ్గ భాగం 5 మైక్రాన్ల కన్నా చిన్నవి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందని గుర్తుంచుకుంటే అవి ఎంత సన్ననివో తెలుస్తుంది. అవి గంటల తరబడి గాల్లోనే తేలుతుంటాయి. ముక్కులో చిక్కుకోకుండా చిన్న శ్వాసనాళాల దాకా వెళ్లిపోతాయి. పిల్లిని ముట్టుకోకపోయినా, అది పక్క గదిలో నిద్రపోతున్నా కొందరికి ఛాతీలో పిల్లికూతలు మొదలవడానికి కారణం ఇదే.

పైగా దీనికి జిగట గుణం ఎక్కువ. గోడలకు, కర్టెన్లకు, బట్టలకు పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. పిల్లులున్న ఇళ్ల పిల్లల బట్టల మీదుగా బడి గదుల్లోకి, అక్కణ్నుంచి పిల్లి అంటే తెలియని ఇళ్లలోకి కూడా చేరుతుంది. పిల్లి ఇల్లు వదిలి వెళ్లిపోయాక కూడా దాని ప్రొటీన్ మామూలు స్థాయికి తగ్గడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టొచ్చు. అందుకే "పిల్లిని వారం రోజులు స్నేహితుల ఇంట్లో ఉంచి చూద్దాం, నీకు తగ్గితే అదే కారణం" అని పెట్టే పరీక్షకు అర్థం లేదు. వారంలో తగ్గకపోతే పిల్లి నిర్దోషి అనుకుంటారు. ఇల్లంతా మాత్రం అది వదిలివెళ్లిన పొడితోనే ఉంటుంది. పరీక్ష పెట్టాలనుకుంటే మనిషే కొన్నాళ్లు పిల్లి లేని చోట ఉండి చూడటం కొంత నయం.

జాతుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అలర్జీ రాని పిల్లి జాతి అంటూ ఏదీ లేదు. ఒంటి మీద బొచ్చే లేని స్ఫింక్స్ పిల్లి కూడా ఈ ప్రొటీన్ తయారుచేస్తుంది. సైబీరియన్, బాలినీస్ జాతుల గురించి ప్రచారం చాలా ఉంది గానీ, ఒకే జాతిలోనే ఒక పిల్లికీ ఇంకో పిల్లికీ ఎంతో తేడా ఉంటుంది. అంతో ఇంతో నమ్మదగిన తేడా ఒకటుంది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ (న్యూటరింగ్) చేయించని మగ పిల్లులు ఎక్కువ ప్రొటీన్ వదులుతాయి, ఆపరేషన్ అయ్యాక అది తగ్గుతుంది. మీ ఇంట్లో ఉన్నది మగ పిల్లి అయి, ఇంకా న్యూటరింగ్ చేయించకపోతే, అన్నిటికన్నా ముందు ఆ పని చూడండి.

ఒంట్లో ఏం జరుగుతోంది

పిల్లి పడనివాళ్ల ఒంట్లో ఫెల్ డి 1 కోసమే తయారైన ఐజీఈ అనే ప్రతిరక్షకాలు ఉంటాయి. 1966లో వీటి ఉనికిని బయటపెట్టిన కిమిషిగె ఇషిజాకా, టెరుకో ఇషిజాకా భార్యాభర్తలు. ఇద్దరూ కలిసి ఒకే ప్రయోగశాలలో పనిచేశారు. ఈ ఐజీఈలు మాస్ట్ కణాలు అనే రోగనిరోధక కణాలకు అతుక్కుని కాచుకుని ఉంటాయి. పిల్లి ప్రొటీన్ తగలగానే ఆ కణాలు హిస్టమిన్ లాంటి రసాయనాలను ఒక్కసారిగా కుమ్మరిస్తాయి. నిమిషాల్లో తుమ్ములు, కళ్ల దురద, ముక్కు కారడం మొదలవుతాయి.

ఈ మొదటి విడత అందరికీ తెలుసు. రెండో విడత గురించి చాలామందికి తెలియదు. తొలి తాకిడికి నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత ఇంకో రకం కణాలు వచ్చి చేరి శ్వాసనాళాల్లో వాపు తెస్తాయి. సాయంత్రం ఆరింటికి పిల్లి ఒళ్లో కూర్చుంటే రెండు తుమ్ములతో సరిపోయిందనిపిస్తుంది. రాత్రి రెండింటికి దగ్గుతో మెలకువ వస్తే దాన్ని పిల్లితో ముడిపెట్టాలన్న ఆలోచనే రాదు. చల్లగాలి తగిలిందనో, ఏదో పడలేదనో అనుకుంటారు. పిల్లితో కాపురం చేస్తున్న ఆస్తమా మనిషి రాత్రి దగ్గును ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదు.

"అలవాటవుతుంది" అన్న మాటలో నిజం బొత్తిగా లేకపోలేదు. 2001లో అలర్జీ పరిశోధకుడు థామస్ ప్లాట్స్-మిల్స్ బృందం పిల్లల మీద చేసిన అధ్యయనంలో, ఇంట్లో పిల్లి ప్రొటీన్ చాలా ఎక్కువగా ఉన్న కొందరి ఒంట్లో ఐజీఈ బదులు ఐజీజీ4 అనే మరో రకం ప్రతిరక్షకాలు తయారవడం గమనించారు. వాళ్లకు అలర్జీ రాలేదు. కానీ అది అప్పటికింకా అలర్జీ లేని పిల్లల సంగతి. ఇప్పటికే ఆస్తమా ఉన్న పెద్దమనిషిని పిల్లితో పాటు గదిలో పెట్టి సహనం పుట్టే దాకా ఎదురుచూడమనడానికి అది ఆధారం కాదు.

చాలా ఇళ్లలో అలవాటు పడటం అనుకునేది నిజానికి వేరే వ్యవహారం. రోజూ తగులుతూ ఉంటే తుమ్ముల తీవ్రత తగ్గుతుంది, దాని స్థానంలో ఎప్పుడూ ముక్కు దిబ్బడ, సరిపోని నిద్ర, పగలంతా నీరసం, మెట్లెక్కితే కాస్త ఆయాసం వచ్చి కూర్చుంటాయి. మనిషి దాన్నే తన మామూలు ఆరోగ్యం అనుకుంటాడు. రెండు వారాలు ఊరెళ్లి వస్తే తేడా తెలుస్తుంది. తిరిగొచ్చిన మొదటి రాత్రే లక్షణాలు విరుచుకుపడతాయి. ప్రయాణాల తర్వాత ఇలా జరుగుతుంటే అది మంచి ఆధారం, రాసి పెట్టుకుని డాక్టర్‌కు చూపించండి.

నిజంగా పిల్లేనా?

పిల్లి మీద తీర్పు ఇచ్చే ముందు పరీక్ష చేయించడం న్యాయం. ముంజేతి మీద చుక్కలు చుక్కలుగా అలర్జీ ద్రావణాలు వేసి సన్నటి సూదితో పైపైన గీరి, పదిహేను ఇరవై నిమిషాల తర్వాత ఎక్కడ దద్దు లేచిందో కొలుస్తారు. దానికి ముందు కొన్ని రోజులు యాంటీహిస్టమిన్ మాత్రలు ఆపమంటారు. ఆస్తమా ఇన్‌హేలర్ మాత్రం డాక్టర్ చెప్పకుండా ఆపకూడదు. రక్తంలో ఐజీఈ కొలిచే పరీక్ష కూడా ఉంది. రెండింటికీ ఒక పరిమితి ఉంది. పాజిటివ్ వచ్చినంత మాత్రాన లక్షణాలన్నీ దానివల్లే అని కాదు. ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుందని మాత్రమే అర్థం. ఫలితాన్ని మనిషి చెప్పే కథతో కలిపి చదవాలి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, నేరం వేరేవాళ్లది అయిన ఇళ్లు ఉంటాయి. పాత పరుపులో డస్ట్ మైట్లు, బాత్‌రూమ్ గోడ మీద బూజు, బొద్దింకలు, కిటికీలోంచి వచ్చే పుప్పొడి, సిగరెట్ పొగ: ఇవన్నీ అవే లక్షణాలు తెస్తాయి. పిల్లి మలమూత్రాల కోసం పెట్టే లిట్టర్ ట్రే కూడా అనుమానించదగ్గదే. పిల్లి తవ్వినప్పుడల్లా లేచే సన్నటి దుమ్ము, సువాసన కోసం కలిపిన రసాయనాలు అలర్జీతో సంబంధం లేకుండానే శ్వాసనాళాలను రేపుతాయి. దుమ్ము లేవని, వాసన లేని లిట్టర్‌కు మారితే కొందరికి తేడా కనిపిస్తుంది. పిల్లులకూ ఆస్తమా వస్తుంది, వాటికీ పొగ, స్ప్రేలు, లిట్టర్ దుమ్ము పడవు. కాబట్టి ఈ మార్పు దానికీ మేలే.

బేరం లేని చోటు

ఇప్పుడు అసలు విషయం. గడిచిన నాలుగు వారాల గురించి ఆస్తమా ఉన్న మనిషి తనను తాను నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. పగటిపూట లక్షణాలు వారానికి రెండుసార్లకు మించి వచ్చాయా? ఆస్తమాతో రాత్రి ఎప్పుడైనా మెలకువ వచ్చిందా? ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనం కోసం పీల్చే రిలీవర్ ఇన్‌హేలర్ వారానికి రెండుసార్ల కన్నా ఎక్కువ వాడాల్సి వచ్చిందా? ఆయాసం వల్ల ఏ పనైనా మానుకున్నారా? డాక్టర్లు ఆస్తమా అదుపును తేల్చడానికి వాడే ప్రశ్నలే ఇవి. ఒక్కదానికైనా అవునని జవాబొస్తే అదుపు పూర్తిగా లేనట్టే. మూడు నాలుగింటికి అవునంటే ఆస్తమా చేయి దాటినట్టే. అప్పుడు మాట్లాడాల్సింది ఎయిర్ ప్యూరిఫయర్ గురించి కాదు, డాక్టర్ అపాయింట్‌మెంట్ గురించి.

ఈ సందర్భంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆయాసం వచ్చినప్పుడల్లా రిలీవర్ పీల్చి సరిపెట్టుకోవడం చికిత్స కాదు. బిగుసుకున్న నాళాలను అది కాసేపు వదులు చేస్తుంది, లోపలి వాపును ముట్టుకోదు. ఆస్తమా చికిత్సకు అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే గినా సంస్థ 2019 నుంచి, పెద్దలకు, కౌమారంలో ఉన్నవాళ్లకు అచ్చంగా రిలీవర్‌తోనే నడిపించే పద్ధతిని సిఫారసు చేయడం లేదు. పీల్చే స్టెరాయిడ్ ఏదో ఒక రూపంలో చికిత్సలో ఉండాలంటుంది. స్టెరాయిడ్ అన్న మాట వినగానే భయపడేవాళ్లు చాలామంది. పీల్చే మందు మోతాదు మాత్రల కన్నా చాలా తక్కువ, అది నేరుగా కావాల్సిన చోటికే వెళ్తుంది. వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత రావచ్చు.

ఊపిరి ఎంత బలంగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఈ ఇళ్లలో ఎంతో పనికొస్తుంది. ముల్లును సున్నా దగ్గరికి తెచ్చి, నిలబడి, ఛాతీ నిండా గాలి పీల్చి, పెదాలు గొట్టం చుట్టూ గట్టిగా బిగించి, ఒక్క ఊదుతో బలంగా వదలాలి. మూడుసార్లు ఊది అన్నిటిలో పెద్ద అంకె రాసుకోవాలి. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి. ఒళ్లు బాగున్న రోజుల్లో రెండు మూడు వారాలు రాస్తే మీ సొంత గరిష్ఠం ఎంతో తెలుస్తుంది. అంకె అందులో 80 శాతం కన్నా కిందికి దిగితే జాగ్రత్త పడాలి, 50 శాతం కన్నా దిగితే అత్యవసరం. ఇది నాకు నచ్చడానికి ఇంకో కారణం ఉంది. "నువ్వు ఎక్కువ చేస్తున్నావు", "నీకు నా బాధ పట్టదు" అని సాగే మాటల మధ్యకు ఇద్దరూ చూడగలిగే ఒక కాగితం వచ్చి చేరుతుంది. పిల్లి పడకగదిలోకి రావడం మానేశాక అంకె పెరిగిందా లేదా అన్నది వాదనతో పని లేకుండా తెలిసిపోతుంది.

వాక్యం పూర్తి చేయలేనంత ఆయాసం, పెదాలు నీలంగా మారడం, రిలీవర్ వాడినా ఊపిరి అందకపోవడం కనిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా అత్యవసర వైద్యం అందుకోవాలి. ఈ మాట పిల్లి యజమానికి కూడా కంఠతా వచ్చి ఉండాలి.

గతంలో ఆస్తమాతో ఐసీయూలో చేరిన మనిషి, లేదా మందులన్నీ సరిగ్గా వాడుతున్నా లక్షణాలు ఆగని మనిషి, పైగా పరీక్షలో పిల్లి అలర్జీ ఖాయమైతే, ఆ ఇంట్లో పిల్లి ఉండకూడదు. నేను పిల్లుల పక్షాన మాట్లాడే మనిషినే అయినా ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

తగ్గించే పనుల్లో ఏవి పనికొస్తాయి

ముక్కు, కళ్ల అలర్జీ, లేదా అదుపులో ఉన్న తేలికపాటి ఆస్తమా అయితే ఇంట్లో ప్రొటీన్‌ను తగ్గించే ప్రయత్నం చేయొచ్చు. ఇందులో ఒక్క పనే చేయగలిగితే పడకగదిని పిల్లికి మూసేయండి. రోజులో మూడోవంతు అక్కడే గడుపుతాం, ముఖం దిండుకు ఆనించి గంటల తరబడి ఊపిరి పీలుస్తాం. పగలు రానిచ్చి రాత్రి బయట పెడితే లాభం లేదు, పగలు రాలిన పొడి రాత్రికి అక్కడే ఉంటుంది. తలుపు ఇరవై నాలుగు గంటలూ మూసే ఉండాలి. దుప్పట్లు, గలీబులు మార్చి, కార్పెట్ ఉంటే తీసేసి, పరుపుకు, దిండ్లకు అలర్జీ కవర్లు తొడిగి మొదలుపెడితే ఫలితం తొందరగా కనిపిస్తుంది.

పిల్లి ఊరుకోదు. తలుపు గీకుతుంది, అరుస్తుంది. ఒక్కసారి జాలిపడి తీస్తే, అరిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది. ఇంకో గదిలో ఎత్తైన చోట వెచ్చటి పక్క, పడుకునే ముందు పావుగంట గట్టిగా ఆట, ఆ తర్వాత తిండి ఇస్తే చాలా పిల్లులు కొన్ని వారాల్లో కుదురుకుంటాయి. దాని దగ్గర తీసుకున్నదానికి బదులు ఏదో ఒకటి ఇవ్వడం మన బాధ్యత.

ఎయిర్ ప్యూరిఫయర్లలో గాలిని వడకట్టే హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల రేణువుల్ని 99.97 శాతం పట్టేస్తుంది. గాల్లో తేలే పిల్లి రేణువుల విషయంలో ఇది బాగానే పనిచేస్తుంది. కానీ సోఫాలో, కర్టెన్లో కూరుకుపోయినదాన్ని అది లాగలేదు. అందుకే హెపా మీద జరిగిన అధ్యయనాల్లో గాల్లో ప్రొటీన్ తగ్గినా, రోగుల లక్షణాల విషయంలో ఫలితాలు ఒకేలా రాలేదు. గది సైజుకు సరిపోయే యంత్రాన్ని పడకగదిలో పెట్టి ఆపకుండా నడిపితే ఉపయోగం ఉంటుంది. దాన్నే నమ్ముకుని తలుపు తెరిచి పెడితే ఉండదు. ఓజోన్ వదిలే యంత్రాలు మాత్రం అసలు కొనకండి, ఓజోన్ ఆస్తమాను రెచ్చగొడుతుంది. పరిమళ తైలాల డిఫ్యూజర్లదీ అదే కథ. వాటి ఘాటు ఊపిరితిత్తులకు పడదు, టీ ట్రీ లాంటి నూనెలు పిల్లికి విషం.

గట్టి నేల అయితే తడిగుడ్డతో తుడవడం చీపురుతో ఊడ్చడం కన్నా మేలు, పొడి గాల్లోకి లేవదు. వాక్యూమ్ వాడితే దానికీ హెపా ఫిల్టర్ ఉండాలి, లేకపోతే ముందు పీల్చినది వెనక నుంచి వదిలేస్తుంది. వాక్యూమ్ చేసేటప్పుడు అలర్జీ ఉన్న మనిషి ఆ గదిలో ఉండకూడదు. పిల్లిని ఎత్తుకున్నాక చేతులు కడుక్కోవడం, ఆ చేత్తో కళ్లు నులుముకోకపోవడం, ఆ బట్టలతోనే మంచమెక్కకపోవడం ఖర్చు లేని పనులు.

పిల్లికి స్నానం చేయిస్తే ప్రొటీన్ తగ్గే మాట నిజమే, కానీ కొద్ది రోజుల్లోనే మళ్లీ మొదటికొస్తుంది. వారానికి రెండుసార్లు పిల్లికి స్నానం చేయించడం దానికీ హింస, మనకూ హింస. నా లెక్కలో ఇది చేయదగ్గ పని కాదు.

ఈమధ్య వచ్చినవాటిలో చెప్పుకోదగ్గది పిల్లి తిండి. పురీనా కంపెనీ 2020లో లివ్‌క్లియర్ అనే ఆహారం తెచ్చింది. కోడిగుడ్డు సొనలోని ప్రతిరక్షకాలను అందులో కలుపుతారు. పిల్లి తింటున్నప్పుడు అవి ఉమ్మిలోని ఫెల్ డి 1కు అతుక్కుని దాన్ని నిర్వీర్యం చేస్తాయి. మూడో వారం నుంచి వెంట్రుకల మీద చురుగ్గా ఉండే ప్రొటీన్ సగటున 47 శాతం తగ్గిందని కంపెనీ సొంత పరిశోధన చెబుతోంది. ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. 47 శాతం సగటు మాత్రమే, మీ పిల్లిలో అంతే తగ్గాలని లేదు. అలాగే ప్రొటీన్ సగం తగ్గితే దగ్గు కూడా సగం తగ్గుతుందన్న లెక్క కుదరదు. పడకగది నియమానికి తోడుగా ప్రయత్నించొచ్చు, దాని బదులుగా కాదు.

మందులు, ఇంజెక్షన్లు

ముక్కు దిబ్బడే ప్రధాన బాధ అయితే స్టెరాయిడ్ నాసల్ స్ప్రే మాత్రల కన్నా బాగా పనిచేస్తుంది. చాలామంది రెండు రోజులు వాడి పనిచేయలేదని పక్కన పడేస్తారు. పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు రోజూ వాడాలి. కొట్టే తీరు కూడా ముఖ్యమే. తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొడితే మందు మధ్య గోడకు కాకుండా బయటి వైపుకు తగులుతుంది. మధ్య గోడకు తగులుతుంటేనే రక్తం వచ్చేది. వెంటనే ముక్కు తెరిపించే డీకంజెస్టెంట్ చుక్కలు మాత్రం కొద్ది రోజులకు మించి వాడితే మందు ఆపగానే దిబ్బడ ఇంకా ఎక్కువవుతుంది. మాత్రల్లో సెట్రిజిన్, లోరటడిన్, ఫెక్సోఫెనడిన్ తరం పాత మాత్రలంత మత్తు తేదు. ముక్కును పట్టించుకోకపోతే ఆస్తమా కూడా మాట వినదు, రెండూ ఒకే దారికి రెండు చివరలు.

అలర్జీ మూలాన్నే మార్చే ప్రయత్నం ఇమ్యునోథెరపీ. 1911లో లండన్‌లో లియొనార్డ్ నూన్ అనే వైద్యుడు పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా ఇంజెక్షన్ల రూపంలో ఇచ్చి దీనికి దారి వేశాడు. పిల్లి అలర్జీకి కూడా ఇదే పద్ధతి. చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి నెలల తరబడి పెంచుకుంటూ పోయి, మూడు నుంచి ఐదేళ్లు కొనసాగిస్తారు. ప్రతి ఇంజెక్షన్ తర్వాత అరగంట క్లినిక్‌లోనే కూర్చోవాలి, అరుదుగానైనా ప్రాణం మీదకు వచ్చే రియాక్షన్ ఉండొచ్చు కాబట్టి. ఆస్తమా అదుపులో లేనివాళ్లకు దీన్ని మొదలుపెట్టరు. పిల్లితో ఇరవై ఏళ్లు బతకాలనుకునే జంటకు ఇది ఆలోచించదగ్గ దారి. వచ్చే నెలకల్లా తేలిపోవాలి అనుకునేవాళ్లకు కాదు. తీవ్రమైన అలర్జీ ఆస్తమా ఉన్నవాళ్లకు ఐజీఈని అడ్డుకునే ఒమాలిజుమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఉన్నాయి, అమెరికాలో దానికి 2003లో అనుమతి వచ్చింది. అది ఆస్తమా కోసం డాక్టర్ నిర్ణయించే మందు, పిల్లిని ఉంచుకోవడానికి కొనుక్కునే అనుమతి కాదు.

ఇద్దరి మధ్య

శుభ్రం చేసే పనులన్నీ అలర్జీ లేని మనిషివే. లిట్టర్ తీయడం, దువ్వడం, తుడవడం, గలీబులు ఉతకడం అన్నీ. పిల్లి కావాలని కోరుకున్నది ఎవరో, దాని భారం మోయాల్సింది వాళ్లే. అవతలి మనిషి ఇప్పటికే తన ఊపిరితో ఒక వాటా మోస్తున్నారు.

ఇలాంటి ఇళ్లలో నాకు ఎక్కువ భయం కలిగించేది గొడవ కాదు, మౌనం. ప్రేమించిన మనిషికి పిల్లి అంటే ఎంత ఇష్టమో తెలుసు కాబట్టి లక్షణాలను దాచుకుంటారు. బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఇన్‌హేలర్ వాడి వస్తారు. "ఎలా ఉంది?" అంటే "పర్లేదు" అంటారు. పిల్లి యజమాని ఆ పర్లేదును మాటకు మాటగా తీసుకోకూడదు. రిలీవర్ ఎన్నిసార్లు వాడారో, రాత్రి నిద్ర పట్టిందో లేదో విడిగా అడగాలి. చెప్పినందుకు అవతలి మనిషి దోషిలా నిలబడాల్సిన పరిస్థితి ఇంట్లో ఉండకూడదు.

ప్రయత్నానికి ముందే గడువు పెట్టుకోవడం మంచిది. మూడు నెలలనుకోండి. ఆ మూడు నెలల్లో పడకగది మూత, మందులు, శుభ్రత అన్నీ నిజాయతీగా పాటించాలి. చివర్లో ఏ అంకె, ఏ లక్షణం ఎలా ఉంటే కొనసాగాలో, ఎలా ఉంటే ఆపాలో మొదటి రోజే ఇద్దరూ ఒప్పుకోవాలి. అప్పటికప్పుడు మాట్లాడుకుంటే ఒకరు కన్నీళ్లతో, ఇంకొకరు అపరాధ భావంతో నిర్ణయం తీసుకుంటారు. మధ్యలో ఆస్తమా తిరగబెడితే గడువు కోసం ఆగకూడదు. ఊపిరి ఎవరిదో ఆఖరి మాట వాళ్లదే.

ఇంట్లో ఇంకా పిల్లి లేకుండా, తెచ్చుకుందామా అని ఆలోచిస్తున్నవాళ్ల లెక్క వేరు. పరీక్షలో పిల్లి అలర్జీ తేలి, ఆస్తమా కూడా ఉంటే కొత్తగా తెచ్చుకోవద్దనే నా సలహా. ఏళ్లుగా ఉన్న పిల్లిని వదులుకోవడంలో ఉన్న బాధ ఇంకా రాని పిల్లి విషయంలో లేదు. ముక్కు వరకే ఇబ్బంది ఉన్నవాళ్లయితే, తెచ్చుకోబోయే ఆ పిల్లితోనే వేర్వేరు రోజుల్లో గంటల తరబడి గడిపి, ఆ రాత్రుళ్లు ఎలా గడిచాయో చూసుకుని నిర్ణయించుకోవాలి. వేరే ఎవరింట్లోనో పిల్లితో ఇబ్బంది రాలేదన్నది దీనికి హామీ కాదు.

అన్నీ చేసినా కుదరని ఇళ్లు ఉంటాయి. అప్పుడు పిల్లిని పంపడం ద్రోహం కాదు. వీధిలో వదిలేయడం మాత్రం ద్రోహమే, ఇంట్లో పెరిగిన పిల్లి బయట బతకడం కష్టం. దాన్ని ఎరిగిన బంధువులు, స్నేహితులు ఎవరైనా తీసుకుంటే చూడటానికి వెళ్లొచ్చు. టీకాల కాగితాలు, తినే తిండి, భయపడే శబ్దాలు, ఎక్కడ నిమిరితే ఇష్టమో అన్నీ రాసి ఇవ్వండి. వాడిన దుప్పటి ఉతక్కుండా ఇవ్వండి, దాని వాసన అక్కడ దానికి ధైర్యం. వెళ్లాక యజమాని ఏడిస్తే ఏడవనివ్వాలి, "నా వల్లే కదా" అని అవతలి మనిషి కుంగిపోకుండా చూసుకోవాలి.

పిల్లి వెళ్లిన మర్నాటి నుంచే మందులు తగ్గించేయకూడదు. ఇల్లంతా పట్టిన ప్రొటీన్ నెలల పాటు ఉంటుంది. పిల్లి పడుకున్న సోఫా కవర్లు, కర్టెన్లు ఉతికి, గోడలు తుడిచి, పాత కార్పెట్ తీసేస్తే ఆ కాలం తగ్గుతుంది. కంట్రోలర్ (వాపును అదుపులో ఉంచే పీల్చే స్టెరాయిడ్) మోతాదు ఎప్పుడు దించాలో పీక్ ఫ్లో కాగితం చూసి డాక్టర్ చెప్పాలి.